గిన్నె మునిగిన రోజు

ఈ ఊరికి కోడలిగా వచ్చాక, హమ్మూ అన్న మంచివాడని ఒప్పుకోవడానికి నాకు ఇరవై రెండేళ్ళు పట్టింది. ఒప్పుకున్నది కూడా ఆకులు రాలే కాలంలోనే. ఎండాకాలంలో ఆయన్ని మంచివాడన్న మనిషి మా ఊళ్ళో ఇంతవరకూ పుట్టలేదు.

ఆయన మా ఊరి నీరుగంటి. ఈ అట్లాస్ కొండల్లో ఒక్కో ఊరు ఒక్కో కాలువ మీద బతుకుతుంది. ఎండలు ముదిరి కాలువ సన్నబడ్డాక ఎవరి ఇష్టం వచ్చినట్టు వాళ్ళు నీళ్ళు పెట్టుకుంటే కింది మళ్ళవాళ్ళు మట్టి తినాల్సిందే. అందుకని వంతులు. కాలువ మొదట్లో పెద్ద అక్రోటు చెట్టు, దాని కింద రాతి తొట్టి, తొట్టిలో అడుగున చిల్లున్న రాగి గిన్నె. గిన్నెను తేలిస్తే చిల్లులోంచి నీళ్ళు ఎక్కుతూ ఎక్కుతూ చివరికి మునుగుతుంది. మునిగి అడుగు రాయికి టక్కుమని తగిలితే ఒక గడియ అయినట్టు. మీ వంతు రెండు గిన్నెలైతే రెండు గిన్నెలే. టక్కుమనగానే హమ్మూ అన్న "మునిగింది" అని అరుస్తాడు. అరిచి ఊరుకుంటే బాగానే ఉండేది. గిన్నెను మళ్ళీ తేల్చి పరిగెత్తుకొచ్చి, మన మడిలోకి నీళ్ళు పారే గండికి, అదే మడవకి, తన చేత్తో రాయి పెట్టి, పచ్చిక గడ్డ అడ్డం వేసి, కాలితో మూడుసార్లు తొక్కి గానీ పోడు.

నా పెద్దకూతురి పెళ్ళినాడు ఏం చేశాడో చెబుతాను. పుదీనా మడికి ఇంకో రెండు బారల మేర తడి అందాల్సి ఉంది. అంతలో వచ్చి మూసేశాడు.

"అన్నా, ఇవాళ ఇంట్లో పెళ్ళి" అన్నాను.

"పెళ్ళి పిల్లకి. పుదీనాకి కాదుగా" అన్నాడు.

మొగుడు కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు అన్నట్టు, ఆ మాట విని మా వియ్యపురాలు కిసుక్కున నవ్వడం నన్ను ఎక్కువ మండించింది. ఆ సాయంత్రం అదే మనిషి మా ఇంటికొచ్చి అదే పుదీనా వేసిన టీ మూడు గ్లాసులు తాగి, "చక్కెర కొంచెం తగ్గింది తూదా" అని నన్ను పేరుపెట్టి పిలిచి చెప్పి మరీ వెళ్ళాడు.

అంత కచ్చితం మనిషి తన మడి దగ్గర మాత్రం ఇంకా కచ్చితంగా ఉండేవాడు. గిన్నె అంచు నీళ్ళకి తాకకముందే తన మడవ మూసుకునేవాడు. ఆయన ఉల్లినారు ఎండిపోయి పసుపెక్కినా ఒక్క చెంబెడు ఎక్కువ వాడుకోవడం ఎవరూ చూడలేదు. అందుకే తిట్టుకుంటూనే ఏళ్ళ తరబడి ఆయన్నే ఉంచుకున్నాం.

ఇక మా ఊళ్ళో శరదృతువు ఎప్పుడు వస్తుందంటే, అక్రోటు కాయలు దులిపి, పై తొక్క ఒలిచి, అందరి వేళ్ళూ నల్లబడ్డాక. వేళ్ళు నల్లగా ఉన్నన్నాళ్ళూ ఎవరికీ తొందర ఉండదు. మొదటి వానలు పడి కాలువ నిండుగా ఉంటుంది. మొక్కజొన్న కోతలు అయిపోతాయి. ఎండ గోడల మీద మెత్తగా పడుతుంది. ఎండాకాలమంతా కూర్చోవడానికి తీరికలేని ఆడవాళ్ళం గోడవారగా చేరి, కాయలు పగలగొట్టుకుంటూ, ఒకరి కథ ఇంకొకరం చెప్పుకుంటాం. నాకు ఏడాదిలో అన్నిటికంటే ఇష్టమైన రోజులు అవే. చెట్టు తన ఆకుల్ని ఎంత సులువుగా వదిలేస్తుందో చూస్తూ కూర్చుంటే నాక్కూడా ఏదో బరువు దిగినట్టుంటుంది.

ఆ కాలం మొదలైందని చెప్పే రోజే గిన్నె మునిగిన రోజు. ఆ మధ్యాహ్నం ఊరంతా అక్రోటు చెట్టు కింద చేరుతుంది. నీరుగంటి గిన్నెను ఆఖరిసారి తేలుస్తాడు. అది మునుగుతుంది. ఇక దాన్ని ఎవరూ పైకి తీయరు. వసంతం దాకా తొట్టి అడుగునే ఉంటుంది. మడవలన్నీ తెరిచేస్తాం. ఆ క్షణం నుంచి కాలువ నీళ్ళు ఎవరివీ కావు.

తరవాత అసలు సంబరం. నీరుగంటిని చాప మీద కూర్చోబెట్టి, వేడి బార్లీ రొట్టె, వెన్న, తేనె, కొత్త అక్రోటు పప్పు ముందు పెడతాం. ఎండాకాలంలో ఆయన చేత మాట పడ్డవాళ్ళంతా ఒక్కొక్కరుగా లేచి ఆ మాట తిరిగి అప్పజెబుతారు. ఆయన తినాలి, వినాలి. బదులు చెప్పకూడదు. నోరు తెరిచి ఒక్క మాట అన్నాడా, ఊరికి ఒక మేక కోసి పెట్టాలి. ఇన్నేళ్ళలో హమ్మూ అన్న అలా రెండు మేకల్ని పోగొట్టుకున్నాడు. రెండోది నా పుణ్యమే.

ఊరికంతా తెలిసిన ఒక రహస్యం ఉంది. హమ్మూ అన్న ఆ గిన్నెను తొట్టిలో వదిలేవాడు కాదు. అందరూ ఇళ్ళకి పోయాక, "రాగి కదా, చిలుము పడుతుంది" అని తనలో తను గొణుక్కుంటూ చెయ్యి ముంచి తీసి, చంకలో పెట్టుకుని ఇంటికి పట్టుకుపోయేవాడు. ఇంట్లో ఒక బానలో నీళ్ళు పోసి తేల్చేవాడు. ఎవరికీ వంతుల్లేని కాలంలో, బయట మంచు పడుతుంటే, ఆయన ఇంట్లో గిన్నె టక్కుమంటూ మునుగుతూనే ఉండేది. ఆ చప్పుడు లేకపోతే ముద్ద దిగదట.

ఆ చప్పుడు మధ్య కాపురం చేసింది ఇత్తో వదిన. ఆమె కొండ కనుమ అవతలి తిగ్మీన్ ఊరి పిల్ల. మనిషి నెమ్మది. నేను పది మాటలు అంటే ఒకటి అంటుంది, ఆ ఒకటీ నా పదికి సరిపోతుంది. పెళ్ళయిన ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఆమె మొగుణ్ణి అడిగింది ఒక్కటే. ఆకులు రాలే రోజుల్లో, మంచు కనుమను మూసెయ్యకముందు, ఇద్దరం కలిసి మా అక్క రహ్మా ఇంటికి పోయి నాలుగు రోజులు ఉండి వద్దామని. పెళ్ళినాడు పంపుతూ ఆ అక్క అడిగిన మాట అది. "ఏడాదికోసారి రండి, కొత్త కాయలు కలిసి తిందాం" అని. ఒక్క ఏడూ జరగలేదు. ఎండాకాలంలో అడిగితే "వంతులున్నాయి" అనేవాడు. గిన్నె మునిగాక అడిగితే "కాలువలో ఆకులు అడ్డం పడతాయి, ఎవరు చూస్తారు" అనేవాడు. ఇత్తో వదిన ఒక్కతే రెండుసార్లు వెళ్ళొచ్చింది. రెండుసార్లూ అక్క మొదట అడిగింది "మరిది ఏడే?" అని.

నేను చెబుతున్న ఏడాది, నా జుట్టు ఇంకా నల్లగా ఉన్నప్పటి మాట, తిగ్మీన్ నుంచి సూదులూ దువ్వెనలూ అమ్మే మనిషి వచ్చాడు. ఇత్తో వదినా నేనూ వాళ్ళ కళ్ళంలో మొక్కజొన్న పొత్తులు ఆరబోస్తున్నాం. ఆ కళ్ళం నా మడవకి సరిగ్గా పక్కన, కొంచెం పల్లంలో ఉంటుంది. హమ్మూ అన్న అక్కడే గట్టు మీద కూర్చుని పార నూరుకుంటున్నాడు.

"మీ అక్క కబురంపిందమ్మా" అన్నాడు అమ్మకందారు. "చూపు మందగిస్తోందంట. మనుషులు మసక మసగ్గా కనబడుతున్నారంట. ఈ ఏడు ఇద్దరూ వస్తే మొహాలు చూసుకుంటాను, వచ్చే ఏడు వస్తే గొంతులు విని గుర్తుపట్టాల్సి వస్తుంది, మీ ఇష్టం అని చెప్పమంది."

ఇత్తో వదిన పొత్తులు పరచడం ఆపలేదు. ఆ వరస అయిపోయాక మొగుడి వైపు తిరిగింది.

"ఏమయ్యా, విన్నావా?"

హమ్మూ అన్న నీళ్ళు నమిలాడు. "విన్నాను. చూద్దాం."

ఆయన 'చూద్దాం' అంటే చూడనని అర్థం. అది నాకూ తెలుసు, ఆమెకీ తెలుసు, పార కూడా చెప్పగలదు. నాకు ఒళ్ళు మండింది.

"ఏం చూస్తావన్నా? నువ్వు చూసేలోపు అక్కడ చూసే కళ్ళు పోతాయి" అన్నాను.

"నీ మడవ నువ్వు చూసుకో తూదా."

"నా మడవను నన్నెప్పుడు చూసుకోనిచ్చావు?"

ఇత్తో వదిన మా ఇద్దరినీ మాట్లాడొద్దన్నట్టు చెయ్యి ఊపి, ఇంకో గంప పొత్తులు ఎత్తుకుంది.

వారం తిరిగేసరికి గిన్నె మునిగిన రోజు వచ్చింది. ఆ ఏడు కాయలు బాగా కాశాయి కాబట్టి అందరూ మంచి ఊపు మీద ఉన్నారు. గిన్నె టక్కుమంది. హమ్మూ అన్న ఆఖరిసారి "మునిగింది" అన్నాడు. మడవలు తెరుచుకున్నాయి. నీళ్ళు అన్ని వైపులకీ తలా కాస్త పారుతుంటే చూడటానికి ఎంత హాయిగా ఉంటుందో చెప్పలేను. ఊరిపెద్ద బూజ్మా తాత చాప పరిపించి, హమ్మూ అన్నను భుజం పట్టి కూర్చోబెట్టాడు.

"తిను నాయనా. నోరు తెరిచేది ముద్ద కోసమే. గుర్తుంది కదా, మేక."

మొదట తాతే మొదలుపెట్టాడు. "జూలైలో ఒకనాడు నా గంజి చల్లారబెట్టావు. నోటిదాకా వచ్చిన గరిటె దించి పరిగెత్తించావు. చేలోకి పోయి చూస్తే నా వంతు రావడానికి ఇంకా సగం గిన్నె ఉంది. నీకు నా వంతు మీద ఉన్న ప్రేమ నా కోడలికి నా గంజి మీద లేదు."

అందరూ నవ్వారు. హమ్మూ అన్న వెన్న రొట్టె నమిలాడు.

తరవాత కొత్తగా కాపురానికొచ్చిన ఒక పిల్ల లేచింది. "నేను ఈ ఊరొచ్చిన మూడోనాడు పార ఇచ్చి గట్టు మీద నిలబెట్టాడు. అప్పటికి మా ఆయన పేరు పిలవడానికే సిగ్గుపడుతున్నాను. ఈయన పేరు మాత్రం రోజుకి నాలుగుసార్లు తిట్టుకోవడానికి అలవాటైపోయింది."

నా వంతు వచ్చింది. నేను పుదీనా సంగతి ఎత్తాను. ప్రతి ఏడూ అదే ఎత్తుతాను, ప్రతి ఏడూ జనం అదే నవ్వు నవ్వుతారు. "అన్నా, మూడు గ్లాసులు తాగావు. ఆ మూడు గ్లాసుల నీళ్ళు నీ గిన్నె లెక్కలో ఎక్కడ రాశావో ఈ ఏడైనా చెప్పు" అన్నాను. ఆయన నోరు తెరవబోయాడు. బూజ్మా తాత "మే..." అని మేకలాగా అరిచాడు. ఆయన గబుక్కున అక్రోటు పప్పు కుక్కుకున్నాడు.

అప్పుడు ఇత్తో వదిన లేచింది.

పెళ్ళాలు లేవరు. లేవకూడదని ఎవరూ అనలేదు గానీ, ఇంట్లో ఏడాది పొడుగునా అనే హక్కున్నవాళ్ళు ఇక్కడెందుకని అలా జరిగిపోతూ వచ్చింది. నవ్వులు ఆగిపోయాయి.

"నేను తిట్టడానికి లేవలేదు" అంది. "నాకు ఈయన మీద కోపం లేదు. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా మా ఇంట్లో ఆ గిన్నె మునగడం వింటున్నాను. అది మునిగినప్పుడల్లా ఊళ్ళో ఎవరిదో ఒకరి వంతు వస్తుంది. చలికాలంలో ఎవరి వంతూ ఉండదు, అయినా మునుగుతూనే ఉంటుంది. అప్పుడైనా నా వంతు అనుకునేదాన్ని. రాలేదు. ఈ ఏడు ఆ గిన్నెను దాని చోట వదిలెయ్యి. నాలుగు రోజులు నాతో రా. మా అక్క నీ మొహం చూస్తుంది. నువ్వు వస్తే నాకు సంతోషం. అంతే."

కూర్చుంది. ఏటా ఒక పుదీనా మడి కోసం ఊరి ముందు అరుస్తున్నదాన్ని, నా పక్కింటావిడ వంతు ఎప్పుడొస్తుందని ఒక్కసారి కూడా అడగలేదే అని సిగ్గేసింది.

హమ్మూ అన్న నోట్లో ముద్ద అలాగే ఉంది. మొహం ఎర్రబడింది. ఏదో అనాలని ఉంది, అనకూడదు. తాత కూడా ఈసారి మేకలాగా అరవలేదు. చాలాసేపటికి ఆయన ముద్ద మింగాడు, ఇంకో రొట్టె ముక్క తుంచుకున్నాడు. పిల్లలు మళ్ళీ గోల మొదలుపెట్టారు. డప్పులు బయటికొచ్చాయి. ఆడవాళ్ళం చేతులు పట్టుకుని ఆడాం. ఇత్తో వదిన కూడా ఆడింది, నల్లబడిన వేళ్ళతో నా చెయ్యి గట్టిగా పట్టుకుని.

పొద్దు వాలుతుంటే అందరం ఇళ్ళకి కదిలాం గానీ ఎవరం తొందరగా నడవలేదు. అందరి చూపూ తొట్టి మీదే. హమ్మూ అన్న తొట్టి దగ్గరికి వెళ్ళాడు. తన పొడవాటి జెల్లాబా అంగీ చెయ్యి మోచేతి దాకా మడిచాడు. చెయ్యి ముంచాడు. అయిపోయింది, కుక్కతోక వంకరే అనుకున్నాను. ఆయన ఆ నీళ్ళతో మొహం కడుక్కున్నాడు. మెడ తుడుచుకున్నాడు. ఉత్త చేతులతో ఇంటికి పోయాడు.

పొద్దున్నే నేను బయటికొచ్చేసరికి వాళ్ళ వాకిట్లో కంచరగాడిద సిద్ధంగా ఉంది. రెండు సంచుల నిండా కొత్త కాయలు. ఇత్తో వదిన పెళ్ళినాటి ఎర్రచారల శాలువా కప్పుకుంది. అక్రోటు బెరడు నమిలి పెదవులు ఎర్రగా చేసుకుంది. యాభై ఏళ్ళ మనిషి ఎంత అందంగా ఉందో. గాడిద మీద కూర్చుని నన్ను చూసి నవ్వింది. హమ్మూ అన్న పగ్గం పట్టుకుని ముందు నడుస్తున్నాడు, దారిలో ఎక్కడ టీ కాచుకోవాలో చెబుతున్నాడు.

దారి నా మడవ పక్కనుంచే పోతుంది. అక్కడికి రాగానే ఆయన మాట ఆపకుండానే వంగాడు. రాయి పెట్టాడు. పచ్చిక గడ్డ అడ్డం వేశాడు. కాలితో మూడుసార్లు తొక్కాడు. తొక్కి, టీ సంగతే చెప్పుకుంటూ ముందుకి సాగిపోయాడు. ఏం చేశాడో ఆయనకి తెలియలేదు. ముప్ఫై ఏళ్ళ అలవాటు, చేతులు వాటంతట అవే చేసేశాయి. గాడిద మీద కూర్చుని పెదవుల రంగు వేలితో సరిచేసుకుంటున్న ఇత్తో వదిన కూడా చూడలేదు.

నేను చూశాను. అరవడానికి నోరు తెరిచాను. గిన్నె మునిగాక నా మడవ మూసే హక్కు సుల్తానుకి కూడా లేదు. పైగా నా మడవ మూస్తే నిండు కాలువ పొంగి పోయేది ఎక్కడికి? పల్లంలో ఉన్న వాళ్ళ కళ్ళంలోకే, ఏడాది తిండి ఆరబోసిన చోటుకే. ఇరవై రెండేళ్ళలో ఇంత మంచి తప్పు ఆయన ఎప్పుడూ నా చేతికివ్వలేదు. కానీ నేను అరిస్తే ఆయన ఆగుతాడు. ఆగితే కళ్ళం చూస్తాడు, పొత్తులు చూస్తాడు, "ఇవి ఆరనీ, చూద్దాం" అంటాడు. ఆ ఎర్ర శాలువా మళ్ళీ పెట్టెలోకి పోతుంది.

నోరు మూసుకున్నాను. నా నోట్లో నువ్వుగింజ నానదని ఊరంతా అంటుంది. వాళ్ళు ఆరోజు నన్ను చూసి ఉండాల్సింది.

వాళ్ళు ఇళ్ళ మలుపు దాటగానే పరిగెత్తి మడవ తెరిచాను. అప్పటికే కళ్ళంలోకి నీళ్ళు పొర్లాయి. పొత్తులు తేలుతున్నాయి. పక్కిళ్ళ ఆడవాళ్ళని పిలిచాను. బట్టలు మోకాళ్ళదాకా ఎగ్గట్టి, గంపలతో పొత్తులు ఎత్తి ఇంటి కప్పుల మీద పోశాం. ఒకామె జారి పడింది, పడ్డదాన్ని లేపబోయి నేను పడ్డాను. కడుపు పట్టుకుని నవ్వాం.

మా ఊరి పైన కొండ దారిలో ఒక మలుపుంది. ఊరు విడిచి పోయేవాళ్ళు అక్కడ ఆగి, మరిచిపోయిన మాటేదైనా ఉంటే కిందికి కేకేసి చెబుతారు. అక్కణ్ణించి ఊరంతా కనిపిస్తుంది. పైనుంచి ఆయన కేక వినబడింది.

"తూదా... నీ మడవ మూశానా?"

నేను కళ్ళం మధ్యలో చీలమండల లోతు నీళ్ళలో నిలబడి ఉన్నాను.

"లేదన్నా" అని అరిచాను. "నువ్వు వెళ్ళు."

ఆ మలుపులో ఎర్ర శాలువా చుక్కంత కనబడుతోంది. దాని పక్కన ఆయన కదలకుండా నిలబడ్డాడు. ఒక గిన్నె మునిగేంత సేపు నిలబడ్డాడనిపించింది నాకు. తరవాత పగ్గం లాగాడు. ఇద్దరూ మలుపు దాటి కనబడకుండా పోయారు. తడిసిన బట్టలతో అక్కడే గట్టు మీద కూర్చుని నేను ఏడ్చాను. ఎందుకంటారా, సంతోషానికే.

నాలుగు రోజులకని వెళ్ళినవాళ్ళు పదకొండు రోజులకి, కనుమ మీద మొదటి మంచు తెల్లగా కనబడిన నాడు తిరిగొచ్చారు. రహ్మా అక్క వాళ్ళ మొహాలు చేతులతో తడిమి, కళ్ళతో చూసి, మళ్ళీ చేతులతో తడిమిందట. హమ్మూ అన్నను తన పక్కనే కూర్చోబెట్టుకుని రోజంతా కాయలు ఒలిపించి తిందట. ఆయన బుగ్గలు కాస్త నిండాయి. నడకలో పరుగు పోయింది. ఆ తరవాత ఇంకో తొమ్మిది ఎండాకాలాలు ఆయనే నీరుగంటి, ఒక్క గిన్నె కూడా ఎవరికీ ఎక్కువ ఇవ్వలేదు. అయితే ఏటా ఆకులు రాలే రోజుల్లో గిన్నె తొట్టి అడుగునే ఉండేది, ఆ ఎర్ర శాలువా కనుమ దాటేది. వసంతంలో బూడిదతో చిలుము తోముతూ ఆయన కూనిరాగం తీసేవాడు.

తిరిగొచ్చిన మర్నాడు ఒక గుడ్డలో తిగ్మీన్ కాయలు మూటగట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. నా మడవ పక్కన గట్టు మీద కూర్చున్నాడు. ఎండలో అలా కడుపులో చల్ల కదలకుండా ఆయన కూర్చోవడం నేను చూడటం అదే మొదటిసారి. రెండు కాయలు పగలగొట్టి ఒకటి నాకిచ్చాడు.

"మూశాను కదా?" అన్నాడు.

"మూశావు."

"మరి లేదన్నావేం?"

"అన్నాను. ఏం చేస్తావు, మేక కోయిస్తావా?"

ఆయన నవ్వాడు. "నాకు తెలుసమ్మా. పైనుంచి చూస్తే కళ్ళం తళతళా మెరుస్తోంది. నువ్వు అందులో బట్టలు ఎగ్గట్టుకుని నిలబడింది కూడా కనబడింది."

నా చేతిలో పప్పు చేతిలోనే ఉండిపోయింది. "చూశావా? చూసి కూడా వెనక్కి రాలేదా?"

"నువ్వు వెళ్ళమన్నావు కదా" అన్నాడు.

ఇంకో రెండు కాయలు పగలగొట్టాడు. తిన్నాం. పక్కన కాలువ నిండుగా పారుతోంది, పసుప్పచ్చ ఆకులు దాని మీద కొట్టుకుపోతున్నాయి. ఆ నీళ్ళు ఎవరి మడిలోకి పోతున్నాయో ఇద్దరం చూడలేదు.